ఇటలీ వలస కుటుంబాల మధ్య కేథలిక్ మిషనరీలు: తరచుగా అడిగే ప్రశ్నలు

మిషనరీ అనగానే కొత్త మతం బోధించడానికి దూరదేశం నుంచి వచ్చినవాళ్లే మనకు గుర్తొస్తారు. ఈ కథ అలాంటిది కాదు. పొట్ట చేత పట్టుకుని ఓడ ఎక్కిన తమ ఊరివాళ్ల వెనకాలే, వాళ్ల కోసమే బయల్దేరిన ఫాదర్ల కథ, సిస్టర్ల కథ ఇది. దీని గురించి చెప్పినప్పుడల్లా నన్ను చాలామంది అడిగే ప్రశ్నలు, వాటికి నేనిచ్చే జవాబులు ఇక్కడ ఒకచోట రాస్తున్నాను.

ఇటలీవాళ్లు పుట్టుకతోనే కేథలిక్కులు కదా. వాళ్లకు మళ్లీ మిషనరీలెందుకు?

అందరూ మొదట అడిగేది ఇదే. జ్ఞానస్నానం ఊళ్లోనే అయిపోయింది, నిజమే. కానీ కలాబ్రియాలోని ఒక కొండ పల్లె నుంచి వచ్చి న్యూయార్క్‌లో దిగిన కూలీని ఊహించుకోండి. ఇంగ్లీషు ముక్క రాదు. బడిలో చెప్పే ఇటాలియన్ కూడా అంతంతమాత్రం, వచ్చిందల్లా తమ ఊరి యాస. దగ్గర్లో కేథలిక్ చర్చి ఉంది. అక్కడి ఫాదర్ ఐర్లండ్ నుంచి వచ్చినాయన. పాపసంకీర్తనం (చేసిన తప్పులు ఫాదర్ ముందు ఒప్పుకోవడం) చెప్పుకుందామంటే ఒకరి మాట ఒకరికి అర్థం కాదు. భార్య చావుబతుకుల్లో ఉంటే చివరి ప్రార్థన ఎవరిచేత చెప్పించాలో తెలియదు. పిల్లాడు చనిపోతే ఎక్కడ పూడ్చాలో కూడా తెలియదు.

మతం మార్చడం ఈ మిషనరీల పని కాదు. ఆ మనిషి భాష తెలిసినవాడు ఒకడు పక్కన ఉండటమే వాళ్ల పని. తర్వాత కట్టిన బళ్లు, ఆసుపత్రులు, అనాథాశ్రమాలు అన్నీ అక్కడి నుంచే పుట్టాయి.

అసలు అంతమంది ఊరెందుకు వదిలారు?

1876 నుంచి 1915 దాకా, నలభై ఏళ్లలో, సుమారు 1 కోటి 40 లక్షల ప్రయాణాలు ఇటలీ నుంచి బయటికి సాగాయి. వీళ్లలో చాలామంది కొన్నేళ్లు పనిచేసి తిరిగొచ్చారు, మళ్లీ వెళ్లారు. ఉత్తరాన వెనెటో పల్లెల్లో మొక్కజొన్న సంకటి తప్ప తినడానికి మరొకటి లేక పెల్లాగ్రా జబ్బు పట్టేది. దక్షిణాన భూమి దొరలది, కష్టం కౌలుదారుది. పిండి ఆడించుకున్నా పన్ను కట్టాల్సిన రోజులవి. అమెరికా నుంచి చవక గోధుమలు దిగడంతో ఉన్న కాస్త గిట్టుబాటూ పోయింది. 1888లో బానిసత్వం రద్దయ్యాక బ్రెజిల్ కాఫీ తోటలకు కూలీలు కావాల్సివచ్చి, ఓడ టికెట్టు మేమే కొంటామంటూ ఏజెంట్లు పల్లెలకు దిగారు.

ఇక పద్రోనె అనేవాడు ఉండేవాడు. పని చూపిస్తాడు, అప్పిస్తాడు, జీతంలో కోసుకుంటాడు. మన పాలమూరు కూలీలకు గుంపు మేస్త్రీ ఎలాగో వీళ్లకు అతను అలాగ. ఈ పోలిక తెలిసినవారికి మిగతా కథ సగం చెప్పకుండానే అర్థమవుతుంది.

అమెరికాలో కేథలిక్ చర్చి ఉంది కదా, వాళ్లనెందుకు చేరదీయలేదు?

చేరదీసింది, కాని నేలమాళిగలోకి. ఈ విషయం నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. న్యూయార్క్ మాట్ స్ట్రీట్‌లోని ట్రాన్స్‌ఫిగరేషన్ చర్చిలో ఐరిష్ వారికి పైన పూజ జరిగేది, ఇటలీవాళ్లకు కింద. తూర్పు హార్లెమ్ 115వ వీధిలోని కార్మెల్ మాత చర్చి పరిస్థితి ఇంకా విచిత్రం. పగలంతా కూలి చేసి, రాత్రిపూట ఇటలీవాళ్లే ఆ చర్చి కట్టడానికి చేతులు కలిపారు. 1884లో అది లేచింది. అయినా 1919 దాకా వాళ్ల పూజ కింది అంతస్తులోనే.

అప్పటి అమెరికా మతపెద్దలు దీన్ని "ఇటాలియన్ సమస్య" అని పిలిచేవారు. వీళ్లు ఆదివారం పూజకు రారు, చందా వేయరు, మతబోధ తెలియదు, బొమ్మల ముందు మాత్రం ఏడుస్తారు అని ఫిర్యాదు. చందా సంగతే తీసుకుందాం. అమెరికాలో చర్చి గుమ్మం దగ్గర కూర్చునే చోటుకు డబ్బు అడిగేవారు. ఇటలీలో చర్చికి మాన్యాలుండేవి, ప్రార్థనకు గుమ్మం దగ్గర పైసలు ఇవ్వడం వాళ్లెరుగరు. దాన్ని పిసినారితనం అనుకున్నారు. పైగా ఇటలీ దక్షిణాన ఫాదర్లు ఎక్కువగా భూస్వాముల పక్షాన ఉండేవారు కాబట్టి మగవాళ్లకు గురువుల మీద గుర్రు. మరియమాత మీద ప్రాణం పెడతారు, ఫాదర్ని మాత్రం నమ్మరు. ఈ రెండూ ఒకే మనిషిలో ఉండటం ఐరిష్ గురువులకు కొరుకుడు పడలేదు.

అంతా ఇలాగే ఉందనలేం. ఫిలడెల్ఫియాలో బిషప్ జాన్ న్యూమన్ 1852లోనే ఇటలీవాళ్ల కోసం ప్రత్యేకంగా ఒక విచారణ (ఒక చర్చి, దాని పరిధిలోని భక్తుల సంఘం) ఏర్పాటు చేశారు. అమెరికాలో అలాంటిది అదే మొదటిది.

ఈ పని మొదలుపెట్టింది ఎవరు?

ఒక్కరి పేరు చెప్పమంటే జొవాన్నీ బత్తిస్తా స్కలబ్రీని. 1839లో కోమో దగ్గర పుట్టారు, 1876లో పియాచెన్సా బిషప్ అయ్యారు. సొంత తమ్ముడే అర్జెంటీనా వెళ్లి స్థిరపడ్డాడు.

మిలాన్ రైల్వే స్టేషన్‌లో తాను చూసింది ఆయన 1887లో రాశారు. వెయిటింగ్ హాలు, పక్క వరండాలు, బయటి మైదానం అంతా మూడు నాలుగు వందల మంది జనం. చిరిగిన బట్టలు. ఎండకు మాడిన ముఖాలు, వయసుకు ముందే పడిన ముడతలు. నడుం వంగిన ముసలివాళ్లు, బిడ్డల్ని చంకనేసుకున్న, చేయి పట్టుకుని లాక్కొస్తున్న ఆడవాళ్లు. అమెరికా వెళ్లే రైలు కోసం కాదు, అమెరికా వెళ్లే ఓడ దగ్గరికి తీసుకెళ్లే రైలు కోసం కూర్చున్నారు. వాళ్లలో చాలామందికి ఈ రెంటి మధ్య ఎంత దూరమో కూడా తెలియదు.

అదే ఏడాది నవంబరు 28న వలసజీవుల కోసమే ఒక గురువుల సభ, అంటే ఫాదర్ల సంఘం, స్థాపించారు. ఇప్పుడు స్కలబ్రీనియన్లు అని పిలిచేది వాళ్లనే. 1888లో మొదటి జట్టు ఓడెక్కింది. అయితే ఆయన ప్రార్థనతో ఆగలేదు, అందుకే ఆయనంటే నాకు గౌరవం. ఏజెంట్ల చేతికి జనాన్ని అప్పజెప్పే చట్టాన్ని గట్టిగా వ్యతిరేకించారు, ఊరూరా తిరిగి ఉపన్యాసాలిచ్చారు. చివరికి 1901లో ఇటలీ ప్రభుత్వం వలసల కోసం ప్రత్యేక శాఖ పెట్టి కొత్త చట్టం తెచ్చింది. అదే ఏడాది ఆయన అమెరికా వెళ్లి ప్రెసిడెంట్ థియొడోర్ రూజ్‌వెల్ట్‌ను కలిశారు, 1904లో బ్రెజిల్ పల్లెలు తిరిగారు. మరుసటి ఏడాది జూన్ 1న కన్నుమూశారు. 2022 అక్టోబరు 9న పోప్ ఫ్రాన్సిస్ ఆయన్ని పునీతుడిగా (సెయింట్‌గా) ప్రకటించారు.

రోమ్ ఏం చేసింది?

పోప్ 13వ లియో 1888 డిసెంబరులో అమెరికా బిషప్పులకు ఇటలీ వలసజీవుల గురించే ఒక లేఖ రాశారు. చాలా ఏళ్ల తర్వాత, 1952లో, పోప్ 12వ పయస్ ఏ దేశపు వలసజీవులకైనా సొంత భాష తెలిసిన గురువులు ఉండాలని శాసనం చేశారు. ఈ రెంటి మధ్య జరిగినదాంట్లో ఎక్కువ భాగం పై నుంచి వచ్చిన ఆదేశం కాదు, కింద మనుషులు పడ్డ పాట్లు.

మదర్ కబ్రీని గురించి చాలా వింటాం. ఆమె ప్రత్యేకత ఏంటి?

ఫ్రాంచెస్కా కబ్రీని 1850లో లొంబార్దీలో పుట్టారు. చిన్నప్పుడు కాగితం పడవల్లో వయొలెట్ పూలు పెట్టి, వీళ్లు చైనాకు వెళ్తున్న నా మిషనరీలు అని కాలవలో వదిలేదట. ఒకసారి ఆ నీళ్లలోనే పడిపోయింది, ఆ భయం జీవితాంతం పోలేదు. అలాంటి మనిషి ఇరవైసార్లకు పైగా మహాసముద్రం దాటింది. గోవాలో సమాధి ఉన్న ఫ్రాన్సిస్ జేవియర్ మీద భక్తితో తన పేరులో జేవియర్ చేర్చుకుంది. ఆయనలాగే చైనా వెళ్లాలని కోరిక. పోప్ లియో మాత్రం తూర్పుకు కాదు, పడమటికి వెళ్లమన్నారు.

1889 మార్చి 31న ఆరుగురు సిస్టర్లతో న్యూయార్క్‌లో దిగారు. వాళ్ల కోసం ఇల్లు సిద్ధంగా లేదు. ఆ రాత్రి దొరికిన అద్దె గదిలో నల్లులు, మురికి. పడుకునే వీలు లేక ప్రార్థన చేసుకుంటూ తెల్లవార్లూ గడిపారు. మర్నాడు ఆర్చిబిషప్ మైఖేల్ కోరిగన్‌ను కలిస్తే, వచ్చిన ఓడలోనే తిరిగి ఇటలీ వెళ్లిపొమ్మన్నారు. పోప్ పంపితే వచ్చాం, ఇక్కడే ఉంటాం అన్నది ఆమె జవాబు. అప్పుడామెకు 38 ఏళ్లు, ఇంగ్లీషు సరిగ్గా రాదు, చేతిలో డబ్బు లేదు.

అనాథ పిల్లల కోసం సిస్టర్లు ఇటాలియన్ వీధుల్లో బుట్ట పట్టుకుని ఇంటింటికీ తిరిగారు. కూరగాయలు అమ్మేవాడు రెండు కూరలు వేస్తే అవే. 1892లో ఆసుపత్రి పెట్టినప్పుడు దానికి కొలంబస్ పేరు పెట్టారు. చర్చి అంటే గిట్టని ఇటలీవాళ్లు కూడా కొలంబస్ పేరు వింటే లోపలికి వస్తారని ఆమె ఆలోచన.

ఆమె జీవిత చరిత్రల్లో ఒక సంఘటన చదివి నేను చాలాసేపు పుస్తకం మూసేసి కూర్చున్నాను. ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో రోగుల్ని పలకరించడానికి సిస్టర్లు వెళ్లారు. ఒక ఇటాలియన్ కుర్రాడి దగ్గర ఉత్తరం ఉంది. వచ్చి మూడు నెలలైంది. అతనికి చదవడం రాదు, ఆ వార్డులో అతని భాష తెలిసినవాళ్లు లేరు. చదివి పెట్టమని సిస్టర్ చేతికిచ్చాడు. ఇంటి దగ్గర వాళ్లమ్మ చనిపోయిందని అందులో ఉంది.

తన భాషలో ఆసుపత్రి ఎందుకని అడిగేవారికి ఇంతకంటే జవాబు అక్కర్లేదు.

1917 డిసెంబరు 22న షికాగోలో ఆమె చనిపోయేనాటికి 67 సంస్థలు నిలబెట్టారు, ఆమె వయసూ 67. 1909లో అమెరికా పౌరసత్వం తీసుకున్నారు కాబట్టి, 1946లో పునీతురాలైనప్పుడు ఆ గౌరవం పొందిన మొదటి అమెరికా పౌరురాలయ్యారు. 1950 నుంచి వలసజీవులకు పాలక పునీతురాలు.

ఇటలీవాళ్ల మీద హింస కూడా జరిగిందా?

జరిగింది. 1891 మార్చి 14న న్యూ ఆర్లీన్స్‌లో జైలు మీద పడ్డ మూక 11 మంది ఇటలీవాళ్లను చంపేసింది. పోలీసు అధికారి డేవిడ్ హెన్నెసీ హత్య కేసులో కోర్టు కొందరిని నిర్దోషులుగా వదిలిన మరునాడే ఇది జరిగింది. మరుసటి ఏడాదే మదర్ కబ్రీని సిస్టర్లు ఆ ఊళ్లో అడుగుపెట్టి ఇటాలియన్ పిల్లలకు బడి, ఆశ్రమం తెరిచారు. 1905లో పచ్చజ్వరం వచ్చినప్పుడు అదే ఊళ్లో ఇంటింటికీ తిరిగి సేవ చేశారు. ఆ హత్యలకు నగర మేయర్ అధికారికంగా క్షమాపణ చెప్పింది 2019లో.

ఓడల్లో, రేవుల్లో కూడా పనిచేసేవారా?

అసలు పని అక్కడే ఎక్కువ. 1891లో పియెత్రో బాందీని అనే ఫాదర్ న్యూయార్క్ రేవులో సెయింట్ రఫాయేలు సంఘం నడిపారు. దిగినవాళ్లను పద్రోనె ఎత్తుకుపోకముందే కలవడం, చిరునామా వెతికిపెట్టడం, ఒంటరి ఆడవాళ్లకు పడుకోవడానికి చోటు చూపడం వాళ్ల పని.

ఓడ సంగతికొస్తే జుసెప్పె మార్కెత్తి గుర్తొస్తారు. 1894లో బ్రెజిల్ వెళ్లే ఓడలో ఒక తల్లి చనిపోయింది, చంటిబిడ్డ మిగిలింది. భర్త సముద్రంలో దూకేంత దుఃఖంలో ఉన్నాడు. బిడ్డను నేను చూసుకుంటానని ఆ పాతికేళ్ల ఫాదర్ మాటిచ్చారు. రేవులో దిగాక ఆ పసివాణ్ణి చేతుల్లో పెట్టుకుని రియో ద జనెయిరోలో తలుపులు తట్టారు. 1895లో సావో పౌలోలో అనాథాశ్రమం మొదలైంది. ఇటలీ వెళ్లి తల్లిని, చెల్లెలు అసుంతాను, మరికొందరిని ఒప్పించి తీసుకొచ్చారు. స్కలబ్రీనియన్ సిస్టర్ల సభకు మొదలు అదే. మార్కెత్తి 27 ఏళ్లకే, 1896లో, టైఫస్‌తో చనిపోయారు. అసుంతా అర్ధశతాబ్దం పాటు ఆ పిల్లలతోనే ఉన్నారు.

టోంటీటౌన్ అనే ఊరి కథేంటి?

పైన చెప్పిన బాందీనీయే దాని కర్త. అర్కాన్సాస్‌లో సన్నీసైడ్ అనే పత్తి తోటకు దాని యజమానులు ఇటలీ కుటుంబాలను తెచ్చారు. మిసిసిపీ పక్కన చిత్తడి నేల, మలేరియా, మంచినీళ్లు లేవు, దానికి తోడు అప్పు. జనం రాలిపోతుంటే బాందీని సుమారు 40 కుటుంబాలను వెంటబెట్టుకుని 1898లో ఓజార్క్ కొండల వైపు కదిలారు. మొదటి చలికాలం పశువుల కొట్టాల్లో, పాత గుడిసెల్లో గడిచింది. తర్వాత ద్రాక్ష వేశారు, అది పట్టింది. ఇప్పటికీ అక్కడ ఏటా ద్రాక్ష పండుగ జరుగుతుంది.

ఊరేగింపుల గురించి గొడవ ఎందుకొచ్చింది?

115వ వీధి కార్మెల్ మాత పండుగ 1881లో మొదలైంది. సలెర్నో జిల్లా పొల్లా ఊరివాళ్లు తమ ఊరి పండుగను ఇక్కడ చేసుకున్నారు. జులై 16న మరియమాతను వీధుల్లో ఊరేగిస్తుంటే ఆడవాళ్లు చెప్పుల్లేకుండా కాలే రోడ్డు మీద నడిచేవారు. మనిషంత బరువున్న కొవ్వొత్తి మోసేవారు. కాలు నయమైతే మైనపు కాలు, గుండె నయమైతే మైనపు గుండె మొక్కు చెల్లించేవారు. చూసిన ఐరిష్ పెద్దలకు ఇది భక్తిలా కనిపించలేదు.

విజయవాడ గుణదల కొండకు ఫిబ్రవరి తిరునాళ్లలో వెళ్లినవారికి ఇందులో వింత ఏమీ కనిపించదు. తలనీలాలు, మెట్ల మీద మోకాళ్లు, చేతిలో కొవ్వొత్తి. గుణదలలో 1924లో మరియమాత స్వరూపం పెట్టింది కూడా ఇటలీ నుంచి వచ్చిన ఫాదర్ ఆర్లాతీ. పేదవాడి మొక్కును చిన్నచూపు చూడకూడదని ఆయనలాంటివారికి వాళ్ల ఊళ్లే నేర్పి ఉంటాయని నేననుకుంటాను. హార్లెమ్ పండుగ విషయంలోనూ రోమ్ భక్తుల పక్షానే నిలిచింది. 1904లో ఆ మాతకు కిరీటధారణ జరిగింది.

బ్రూక్లిన్‌లో 1903 నుంచి నోలా ఊరివాళ్లు మోస్తున్న జీల్యో గోపురం, మాన్‌హట్టన్‌లో 1926లో మొదలైన సాన్ జెన్నారో పండుగ ఇప్పటికీ నడుస్తున్నాయి.

కార్మికుల కష్టాల్లో ఫాదర్లు నిలబడ్డారా?

అందరూ కాదు. ఫాదర్ అంతోనియో దేమో నిలబడ్డారు. 1899 నుంచి 1933 దాకా గ్రీనిచ్ విలేజ్‌లోని పొంపేయి మాత చర్చికి ఆయనే విచారణ గురువు. 1911 మార్చి 25న ట్రయాంగిల్ బట్టల ఫ్యాక్టరీ తగలబడి 146 మంది చనిపోయారు. ఎక్కువమంది యూదు, ఇటాలియన్ అమ్మాయిలు. తలుపుకు తాళం వేసి ఉండటంతో బయటికి రాలేకపోయారు. ఆయన విచారణలోని ఇళ్లే ఎన్నో ఖాళీ అయ్యాయి. అంత్యక్రియలు, సహాయనిధి దగ్గర కాగితాలు, పోయినమ్మాయి జీతం మీదే బతికిన తల్లిదండ్రులకు ఉత్తరాలు, అన్నీ ఆయన మీదే పడ్డాయి. ఆ చర్చి ఎదుటి చిన్న పార్కుకు ఇప్పుడు ఆయన పేరే.

దక్షిణ అమెరికాలో కథ వేరుగా ఉందా?

చాలా వేరు. బ్రెజిల్‌లోని రియో గ్రాందె దో సుల్ అడవిలోకి 1875 నుంచి వెనెటో రైతులు వెళ్లారు. ఏడాదికోసారైనా ఫాదర్ మొహం కనిపించేది కాదు. అందుకని వాళ్లే చెక్కలతో చిన్న గుడి కట్టుకుని, అక్షరమొచ్చిన ఒకరిని నిలబెట్టి జపమాల చెప్పుకున్నారు. గుడి చుట్టూ బడి, స్మశానం, బంతి ఆట, అలా ఊరు పుట్టింది. మిషనరీలు వచ్చేసరికి సంఘం సిద్ధంగా ఉంది. వాళ్ల తాలియన్ భాష ఇప్పటికీ బతికుంది, 2014లో బ్రెజిల్ దాన్ని జాతీయ వారసత్వంగా గుర్తించింది.

అర్జెంటీనాకు వెళ్లింది దోన్ బోస్కో మనుషులు. హైదరాబాద్‌లో, గుంటూరులో డాన్ బాస్కో బడి పేరు విననివారు ఉండరు. దోన్ బోస్కో స్థాపించిన సలేసియన్ సభ విదేశాలకు పంపిన మొట్టమొదటి జట్టు, జొవాన్నీ కల్యేరో నాయకత్వంలో పదిమంది, 1875 నవంబరులో జెనోవాలో ఓడెక్కింది. బ్యూనస్ ఐరెస్‌లో మొదట చేతికొచ్చిన పని ఇటాలియన్ వలసజీవుల చర్చి.

1929 ఆరంభంలో ఇటలీలోని పియెమొంతె నుంచి ఒక కుటుంబం బ్యూనస్ ఐరెస్ రేవులో దిగింది. అక్కడ మండువేసవి. పెద్దావిడ రోజా మాత్రం నక్క బొచ్చు కాలరున్న కోటు విప్పలేదు, ఇటలీలో అమ్మిన ఆస్తి డబ్బంతా దాని లోపల కుట్టి ఉంది. ఆవిడ మనవడు హోర్హె బెర్గోల్యోకు 1936 క్రిస్మస్ రోజున సలేసియన్ల చర్చిలో జ్ఞానస్నానం ఇచ్చారు. ఆ పిల్లాడే పోప్ ఫ్రాన్సిస్.

ప్రొటెస్టెంట్లు కూడా పనిచేశారా?

అవును. మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్లు, బాప్తిస్టులు ఇటాలియన్ పేటల్లో బళ్లు, వైద్యశాలలు నడిపారు. వాళ్లు మన జనాన్ని లాక్కుపోతారన్న టెన్షన్ కూడా కేథలిక్ బిషప్పులను కదిలించింది. కొన్ని ఇటాలియన్ విచారణలు ఈ పోటీ లేకపోతే అంత త్వరగా వచ్చేవి కావు.

మిషనరీల వైపు తప్పులేమీ లేవా?

ఉన్నాయి, దాచకూడదు. 1879లో అర్జెంటీనా సైన్యం మూలవాసుల భూములు ఆక్రమిస్తూ దక్షిణానికి కదిలినప్పుడు సలేసియన్ గురువులు దాని వెంటే వెళ్లారు. బ్రెజిల్‌లో వలసరైతుకు ఇచ్చిన నేల కూడా అంతకుముందు వేరేవాళ్ల అడవే. న్యూయార్క్‌లో అప్పులపాలై మూతబడ్డ సంస్థలున్నాయి. మిషనరీల్లో కొందరికి ఇటలీ ప్రభుత్వం మీదున్న మోజు, వలసజీవి ఇటాలియన్‌గానే మిగలాలన్న పట్టుదల, తర్వాత ఫాసిజం రోజుల్లో ఇబ్బందికి దారితీసింది.

ఇప్పుడు ఆ చర్చిల్లో ఎవరున్నారు?

కొత్తగా వచ్చినవాళ్లు. హార్లెమ్ కార్మెల్ మాత దగ్గర ఇప్పుడు హైతీ నుంచి వచ్చినవాళ్లు, స్పానిష్ మాట్లాడేవాళ్లు మొక్కులు తీర్చుకుంటారు. స్కలబ్రీనియన్లు 1987లో మెక్సికో సరిహద్దు టిహువానాలో వలసజీవుల ఇల్లు తెరిచారు, అది నేటికీ నడుస్తోంది. మనవైపు నుంచి చూస్తే, 1984లో ఏలూరులో పుట్టిన హెరాల్డ్స్ ఆఫ్ గుడ్ న్యూస్ సభ గురువులు ఇవాళ ఇటలీలో, అమెరికాలో విచారణలు చూసుకుంటున్నారు.

అప్పటి రికార్డులు దొరుకుతాయా?

చాలా మటుకు దొరుకుతాయి. ఇటాలియన్ విచారణల పుస్తకాల్లో పేరు పక్కన సొంత ఊరు కూడా రాసే అలవాటుండేది. ప్రభుత్వ కాగితాల్లో ఇటలీ అని మాత్రమే ఉంటే, చర్చి పుస్తకంలో ఫలానా కొండ పల్లె అని ఉంటుంది. అందుకే పూర్వీకుల్ని వెతుక్కునేవారు మొదట అక్కడికే వెళ్తారు. స్కలబ్రీనియన్లు 1964లో న్యూయార్క్‌లో స్థాపించిన వలసల అధ్యయన కేంద్రంలో పొంపేయి మాత చర్చి కాగితాలున్నాయి.

ఇంకో రకం కాగితాలు కూడా ఉంటాయి. పెళ్లి చేసే ముందు ఇటలీలోని సొంత ఊరి ఫాదర్‌కు ఉత్తరం రాయాలి: ఈ అబ్బాయికి అక్కడ ముందే పెళ్లి కాలేదు కదా అని. జవాబు రావడానికి వారాలు పట్టేది. పెళ్లికూతురు వాళ్లు ఓడ టపా కోసం ఎదురుచూస్తూ కూర్చునేవారు. వచ్చిన ఆ జవాబుల్ని కొన్నిచోట్ల పెళ్లి పుస్తకంతోపాటే దాచిపెట్టారు.